లంబసింగి చలి: శివరాత్రి దాటినా వణుకు తగ్గదా? నేల మీద గడ్డకట్టే మంచు కథేంటి?

భోగి మంటలు ఆరి నెల కూడా కాకముందే టీవీల్లో, ఫోన్లలో ఒక మాట మొదలవుతుంది. 'ఈసారి ఎండలు ముందే వచ్చేస్తున్నాయ్' అని. అదే టైమ్‌లో లంబసింగి, వంజంగి, పాడేరు వీడియోలు కూడా తిరుగుతూనే ఉంటాయి. దుప్పట్లు కప్పుకున్న జనం, చలిమంటలు, తెల్లగా పొగమంచు. అనకాపల్లిలో ఫ్యాన్ వేసుకుని ఈ వీడియోలు చూసేవాళ్లకు సహజంగానే డౌట్ వస్తుంది. ఇంతకీ చలికాలం అయిపోయిందా, లేదా? ఏజెన్సీలో నిజంగానే మంచు గడ్డకడుతుందా?

రెండు మాటలూ నిజమే. ఫిబ్రవరి మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున అదే ఊళ్లో చేతులు కొంకర్లు పోతాయి. అయితే టూరిస్టు చూసే నంబర్ వేరు, మొక్కకు తగిలే చలి వేరు. ఈ తేడా తెలియకే ఏజెన్సీ రైతు నారుమడి పోగొట్టుకుంటాడు, వేడిమి చార్ట్ చూసి ధీమాగా ఉన్నవాళ్లు దెబ్బతింటారు. అందుకే ఈ వివరం.

అన్నింటికీ ఒకటే మాట.. మంచు

ముందుగా ఒక భాష సమస్య. తెలుగులో గాలిలో తేలేదీ మంచే, గడ్డి మీద బిందువుల్లా మెరిసేదీ మంచే, కశ్మీర్‌లో ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, ఆకు మీద తెల్లటి పొరలా గడ్డకట్టేదీ మంచే. మామిడి పూత మీద జిగురులా కనిపించేది కూడా 'తేనెమంచు' అంటాం. దానికీ చలికీ సంబంధమే లేదు, అది పురుగు వదిలే తీపి పదార్థం.

అందుకే 'లంబసింగిలో మంచు కురుస్తోంది' అనే హెడ్డింగ్ చూసి సిమ్లాలో పడే మంచు లాంటిది అనుకుని బండి ఎక్కేవాళ్లున్నారు. అలాంటి మంచు మన దగ్గర పడదు. అది పడాలంటే పైన మేఘంలో తయారైన మంచు రేకులు కరగకుండా నేల దాకా రావాలి. మన కొండల మీద ఆ పరిస్థితి ఉండదు. లంబసింగిలో మనం చూసేది ఎక్కువగా పొగమంచు. చలి బాగా ముదిరిన కొన్ని రోజుల్లో మాత్రం గడ్డి మీద, వరి కుప్పల మీద, రాత్రంతా బయట ఉన్న బైక్ సీట్ల మీద ఉన్న తేమ గడ్డకట్టి తెల్లగా కనిపిస్తుంది. పంటకు ప్రమాదం ఆ తెల్లటి పొరతోనే.

లంబసింగికి స్థానికంగా 'కొర్రబయలు' అనే పేరు కూడా ఉంది. బయట పడుకుంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. 'ఆంధ్రా కశ్మీర్' అనే పేరు తర్వాత టూరిజం పుణ్యమా అని వచ్చింది. చలి గురించి పాత పేరే కరెక్టుగా చెబుతోంది.

కొండ ఎక్కితే ఎంత తేడా?

అనకాపల్లి నుంచి నర్సీపట్నం, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే లంబసింగి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది, లంబసింగి ఉన్న చింతపల్లి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మ్యాప్‌లో జిల్లా గీత మారింది, వాతావరణంలో గీత మాత్రం ఎప్పటినుంచో ఆ ఘాట్ దగ్గరే ఉంది.

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మామూలు లెక్క ప్రకారం వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద మైదానంలో తెల్లవారుజామున 17 ఉంటే పైన 10, 11 ఉండాలి. మరి ఒక్కోసారి 4, 5 దాకా ఎలా పడిపోతోంది?

మిగతా పని కొండల ఆకారం చేస్తుంది. చల్లని గాలి బరువైనది. రాత్రిపూట కొండ వాలు మీద చల్లబడిన గాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. ఏజెన్సీలో పొలాలు, ఊళ్లు చాలావరకు కొండల మధ్య గిన్నెల్లాంటి లోయల్లో ఉంటాయి. జారిన చలి అంతా వచ్చి అక్కడ నిలబడుతుంది. అందుకే తెల్లవారుజామున కొండ మీద వ్యూ పాయింట్ దగ్గర కంటే కింద లోయలో పొలం దగ్గరే ఎక్కువ చలి ఉండొచ్చు. వంజంగిలో కింద పరుచుకున్న పాలసముద్రం లాంటి పొగమంచును పైనుంచి చూస్తాం కదా, లోయలో నిలిచిపోయిన చల్లగాలి కంటికి కనిపించే రూపం అదే.

ఫోన్‌లో 5, గడ్డి మీద సున్నా

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా అంతా సులువు.

వాతావరణ శాఖ ఉష్ణోగ్రతను నేల మీద కొలవదు. థర్మామీటర్‌ను గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెట్టి కొలుస్తారు. ప్రపంచమంతా అదే పద్ధతి. కానీ ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని వేగంగా పైకి వదిలేస్తుంది. మేఘాలుంటే దుప్పటిలా ఆ వేడిలో కొంత వెనక్కి పంపిస్తాయి. మేఘాలు లేకపోతే అడ్డే ఉండదు. నేలకు ఆనుకుని ఉన్న గాలి, గడ్డి, లేత ఆకు ముందు చల్లబడతాయి. పెట్టెలో థర్మామీటర్ 4 చూపిస్తున్నప్పుడే గడ్డి కొస దగ్గర సున్నా ఉండొచ్చు. మూడు, నాలుగు డిగ్రీల తేడా ఇలాంటి రాత్రుల్లో మామూలే.

కాబట్టి 'అధికారికంగా 4 అంటున్నారు, మరి మంచు ఎలా గడ్డకట్టింది, ఎవరో అబద్ధం చెబుతున్నారు' అని గొడవ పడాల్సిన పనిలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కొలిచిన ఎత్తు వేరు. ఫోన్ యాప్ అయితే ఇంకో అడుగు వెనక. అది చాలా కిలోమీటర్ల ప్రాంతానికి కలిపి ఒక అంచనా వేస్తుంది. మీ పొలం గుట్ట మీద ఉందో లోయలో ఉందో దానికి తెలీదు. ఇక కారు డ్యాష్‌బోర్డ్ నంబర్ ఫొటో తీసి రీల్‌లో 'మైనస్' అని రాసేవాళ్ల సంగతి వదిలేద్దాం.

పంట ఉన్నవాళ్లు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఒక మామూలు థర్మామీటర్ కొని మొక్క ఎత్తులో, పొలంలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట కట్టుకోవాలి. నాలుగైదు రోజులు తెల్లవారుజామున చూస్తే, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం చెప్పే నంబర్‌కూ మీ పొలానికీ ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది.

ఫిబ్రవరి, మార్చిలో ఏం మారుతుంది?

'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అని పెద్దలు అంటారు. మాట బాగుంది కానీ శివరాత్రి ఒక తేదీ మీద నిలబడదు. 2024లో మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. మూడు వారాల తేడా. పండగ ముందే వచ్చిందని చలి కూడా ముందే సర్దుకుని వెళ్లిపోదు.

మరి నిజంగా మారేదేంటి? మొదటిది రాత్రి పొడవు. డిసెంబర్ చివర్లో మన దగ్గర రాత్రి దాదాపు 13 గంటలు, మార్చి 20 నాటికి 12. నేల చల్లబడటానికి దొరికే టైమ్ గంట తగ్గుతుంది. పైగా పగటి ఎండ బలం పెరగడంతో నేలలో ఎక్కువ వేడి నిల్వ ఉంటుంది. రెండోది గాలి దిక్కు. జనవరిలో మధ్య భారతం మీదుగా, ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి పొడి చలిగాలి దిగుతుంది. ఫిబ్రవరి గడిచేకొద్దీ బంగాళాఖాతం నుంచి తేమ గాలి పెరుగుతుంది. తేమ ఎక్కువైతే రాత్రి ఉష్ణోగ్రత మరీ కిందికి పోదు, గడ్డకట్టడానికి బదులు పొగమంచు కడుతుంది.

అందుకే గడ్డకట్టే మంచు భయం ప్రధానంగా డిసెంబర్, జనవరి నెలలది. ఫిబ్రవరి మొదట్లో ఇంకా కొంత ఉంటుంది, నెల గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మార్చి వచ్చిందంటే మన ఏజెన్సీలో అది దాదాపు లేనట్టే, చల్లటి ఉదయాలు మాత్రం ఉంటాయి. మధ్యలో ఉత్తరాది నుంచి ఒక పశ్చిమ అలజడి దాటి వెళ్లాక రెండు, మూడు రోజులు పొడిగాలి మళ్లీ దిగితే అప్పుడు జాగ్రత్త. వర్షం వెలిసి, ఆకాశం ఒక్కసారిగా తేటపడిన మర్నాడు రాత్రి కూడా అంతే.

ఇంకో మెలిక ఉంది. వాతావరణ శాఖ ఫిబ్రవరి నెలాఖరున మార్చి నుంచి మే వరకు అంచనా ఇస్తుంది. అందులో 'రాత్రి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువ' అని ఉంటే చాలామంది చలి ముగిసిందనుకుంటారు. అది మూడు నెలల సగటు మాట. 90 రాత్రుల సగటు ఎక్కువగా ఉన్నా, అందులో నాలుగు రాత్రులు వణికించొచ్చు. 2023 ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రతల్లో 1901 తర్వాత దేశంలోనే అత్యంత వేడి ఫిబ్రవరి. మొక్క మాత్రం సగటును చూడదు, ఆ ఒక్క రాత్రిని చూస్తుంది.

ఫ్రాన్స్‌లో 2021లో జరిగింది ఇదే. మార్చి నెలాఖరున రికార్డు స్థాయి వేడి. ద్రాక్ష తోటలు, పండ్ల చెట్లు ముందే చిగురించాయి. ఏప్రిల్ మొదటి వారంలో మంచు గడ్డకట్టింది. రైతులు రాత్రంతా తోటల్లో వేల కొవ్వొత్తులు, మంటలు వెలిగించి కూర్చున్నా పెద్ద భాగం పంట పోయింది. చిగురు ముందే రావడంతో ఆ చలి కొంప ముంచింది.

కాఫీకి నీడే దుప్పటి

ఏజెన్సీలో చలి అనగానే గుర్తొచ్చే పంట కాఫీ. 2019లో అరకు అరబికాకు జీఐ గుర్తింపు వచ్చాక ఆ పేరు ఇంకా పాకింది. కాఫీ చల్లదనాన్ని ఇష్టపడుతుంది కానీ గడ్డకట్టే చలిని తట్టుకోదు. దీనికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ బ్రెజిల్. 1975 జులై 18న పరానా రాష్ట్రంలో ఒక్క రాత్రి పడిన మంచుతో కాఫీ తోటలు మాడిపోయాయి, ప్రపంచమంతా కాఫీ ధర ఎగిరింది. అక్కడ జులై అంటే చలికాలం. 2021 జులైలో మళ్లీ మంచు పడింది, మళ్లీ ధరలు పెరిగాయి.

బ్రెజిల్‌లో చాలా తోటలు నీడ లేకుండా ఆరుబయట ఉంటాయి. మన పాడేరు, చింతపల్లి, అరకు వైపు కాఫీ సిల్వర్ ఓక్, ఇతర అడవి చెట్ల కింద, పక్కనే మిరియాల తీగలతో పెరుగుతుంది. ఆ చెట్ల గొడుగు పగలు ఎండను ఆపుతుంది, రాత్రి నేల వేడి మొత్తం ఆకాశంలోకి పోకుండా ఆపుతుంది. నీడ చెట్టు నరికితే కలప డబ్బులు వస్తాయి, కానీ కింద ఉన్న కాఫీ మొక్క దుప్పటి పోగొట్టుకుంటుంది. పల్లంలో ఉన్న తోట అయితే మరీను.

ఫిబ్రవరిలో కాఫీకి పండ్ల కోత ముగింపు దశ. కొమ్మల మీద మొగ్గ నిద్రలో ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే పది రోజుల్లోపే తోటంతా మల్లెపందిరిలా తెల్లగా పూస్తుంది. కాబట్టి ఈ నెలల్లో కాఫీ రైతు ఆకాశం వైపు చూసేది చలి కోసం కంటే ఆ వాన కోసమే.

అసలు ఇబ్బంది లేత పంటలకు. లంబసింగి, చింతపల్లి చుట్టుపక్కల వేస్తున్న స్ట్రాబెర్రీ, కూరగాయల నార్లు, టమాటా, చిక్కుడు. స్ట్రాబెర్రీ ఆకు కొంత ఓర్చుకుంటుంది, విచ్చుకున్న పువ్వు ఓర్చుకోదు. సున్నాకు ఒక డిగ్రీ కిందికి వెళ్తే చాలు. నష్టం జరిగిందో లేదో తెలుసుకోవడం తేలిక. పువ్వు రేకులు తెల్లగానే ఉన్నా, మధ్యలో పసుపుపచ్చగా ఉండాల్సిన భాగం నల్లబడితే ఆ పువ్వు కాయ కట్టదు.

సాయంత్రం ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయి, చలి పొడిపొడిగా అనిపిస్తే ఆ రాత్రికి సిద్ధం కావాలి. ముందు రోజు పగలే పొలానికి తేలికపాటి తడి ఇస్తే మంచిది. తడి నేల ఎండ వేడిని ఎక్కువగా పట్టి ఉంచి రాత్రి నెమ్మదిగా వదులుతుంది. నారుమడి మీద సాయంత్రమే గడ్డి గానీ, గోనె సంచులు గానీ, షీటు గానీ కప్పి పొద్దున ఎండ రాగానే తీసేయాలి. ప్లాస్టిక్ షీటు అయితే ఆకులకు తగలకుండా కర్రలు పాతి కప్పాలి, తగిలిన చోట ఆకు మాడుతుంది. ఒక తిరకాసు ఏంటంటే, మొక్క పైన గడ్డి కప్పితే రక్షణ, మొక్కల మధ్య నేల మీద ఎండుగడ్డి దట్టంగా పరిస్తే నేల వేడి పైకి రాక మొక్కకు ఇంకా చలి. రెండూ గడ్డే, ఫలితం మాత్రం తలకిందులు.

పొగ పెడితే సరిపోతుందని చాలాచోట్ల నమ్మకం ఉంది. పొగ పెద్దగా ఆపేది ఏమీ లేదు, పనిచేసేది మంట వేడి. పెద్ద మంట ఒకటి కంటే చిన్న చిన్నవి ఎక్కువచోట్ల నయం. అడవి పక్కన ఎండాకులు రాలే కాలం కాబట్టి నిప్పును వదిలేసి మాత్రం ఇంటికి పోవద్దు. ఒకవేళ మంచు దెబ్బ తగిలితే వెంటనే కొమ్మలు కత్తిరించొద్దు. ఏది చచ్చింది, ఏది బతికింది అనేది కొత్త చిగురు వచ్చాకే తెలుస్తుంది.

కింద అనకాపల్లిలో సంగతి వేరు

మైదానంలో మంచు గడ్డకట్టదు. ఇక్కడ సమస్య తేమ. ఫిబ్రవరి తెల్లవారుజామున సముద్రపు తేమ, చల్లబడిన నేల కలిసి 16వ నంబర్ జాతీయ రహదారి మీద దట్టంగా పొగమంచు కట్టేది ఇందుకే. ఏడు, ఎనిమిదింటి దాకా లారీ వెనక లైటు కూడా కనిపించని రోజులుంటాయి. హై బీమ్ వేస్తే వెలుతురు పొగమంచుకు తగిలి మన కళ్లలోకే వస్తుంది. లో బీమ్ వేసుకుని, ముందు బండికి దూరం పెంచుకోవడమే దారి. బండి ఆపాల్సి వస్తే రోడ్డు దిగి ఆపాలి.

చెరకుకు మాత్రం ఈ వాతావరణం మేలే. చల్లటి రాత్రి, తేటగా ఎండ కాసే పగలు ఉంటే గడలో పంచదార శాతం పెరుగుతుంది. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అనకాపల్లిలో ఉండటం, ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం చెరకు పేరు మీద నిలబడటం ఊరికే జరగలేదు. కానీ మంచు ఎక్కువైతే గానుగ దగ్గర ఆరబెట్టిన పిప్పి తడిసిపోయి పొయ్యి సరిగా మండదు. వండిన బెల్లం కూడా తేమ లాగేసి జిగటగా మారుతుంది. పగలు ఎండ ముదిరితే నరికిన గడను గానుగకు చేర్చడం ఆలస్యం చేయకూడదు, ఆలస్యమైన కొద్దీ తీపి పోతుంది.

మామిడి రైతుకు ఇది ఇంకా గట్టి పరీక్ష. పూత మీద ఉన్న టైమ్‌లో రాత్రి చల్లగా, పొద్దున మంచు, మధ్యాహ్నం పొడి ఎండ.. ఇలా వరసగా ఉంటే బూడిద తెగులు అందుకుంటుంది. పూత కాడల మీద తెల్లటి పొడి కనిపించగానే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయడం ఎప్పటినుంచో ఉన్న సిఫారసు. తేనెమంచు పురుగు కూడా అప్పుడే తగులుకుంటుంది. దేనికి ఏ మందు అనేది దగ్గరి రైతు సేవా కేంద్రంలో పూత చూపించి అడగడం మేలు, లేదా కిసాన్ కాల్ సెంటర్ నంబర్ 1800-180-1551కి ఫోన్ చేయొచ్చు.

'చలిగాలులు' అని ఎప్పుడు ప్రకటిస్తారు?

దీనికి ఒక్కో నేలకు ఒక్కో లెక్క. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 లేదా అంతకంటే తగ్గి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉండాలి. లేదా నేరుగా 4 డిగ్రీలకు పడిపోవాలి. తీర ప్రాంతంలో 15కు తగ్గి, సాధారణం కంటే 4.5 తక్కువ ఉన్నా చాలు. కొండ ప్రాంతాలకైతే సున్నా. సాధారణం అంటే 1991 నుంచి 2020 వరకు 30 ఏళ్ల సగటు. అందుకే విశాఖలో 14కే వార్త అవుతుంది, ఏజెన్సీలో అదే నంబర్ ఎవరూ పట్టించుకోరు. కాబట్టి 'చలిగాలుల హెచ్చరిక లేదు' అంటే ఏజెన్సీలో పంటకు ప్రమాదం లేదని అర్థం కాదు.

రోజువారీ సూచనలతో పాటు ప్రతి గురువారం రెండు నుంచి నాలుగు వారాల ముందస్తు అంచనా వస్తుంది. మంగళ, శుక్రవారాల్లో రైతుల కోసం వ్యవసాయ వాతావరణ బులెటిన్ ఇస్తారు, 'మేఘదూత్' యాప్‌లో తెలుగులోనే చూడొచ్చు. అందులో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి వదిలేయొద్దు. మేఘాలు, గాలి వేగం, గాలిలో తేమ అనే మూడు గడులు కూడా పక్కనే ఉంటాయి. మేఘాలు సున్నా, గాలి దాదాపు లేదు, తేమ తక్కువ.. ఈ మూడూ కలిసిన రోజు ఆ పక్కనున్న కనిష్ఠ నంబర్‌లోంచి మూడు, నాలుగు తీసేసి నారుమడి గురించి ఆలోచించుకోవాలి.

చెరువులవేనం, వంజంగి వెళ్లేవాళ్లకు

వెళ్లండి, చూసి రండి. ఫిబ్రవరిలో కూడా పొగమంచు దొరుకుతుంది. సూర్యోదయానికి ముందే పైకి చేరాలి, ఎండ ఎక్కాక అంతా విడిపోతుంది. ఘాట్ రోడ్డు చీకట్లో, పొగమంచులో ఎక్కేటప్పుడు తొందర వద్దు. టెంట్‌లో పడుకునేవాళ్లు బొగ్గుల కుంపటి గానీ, ఆరీ ఆరని చలిమంట గానీ లోపల పెట్టుకుని జిప్ మూసేయొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే చలి అనుకోకుండా వెంటనే బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చేయాలి. స్ట్రాబెర్రీ తోటల దగ్గర ఫొటోల కోసం ఆగినప్పుడు మళ్ల మీద కప్పిన షీట్లు మాత్రం పక్కకు లాగొద్దు. అవి అక్కడ ఎందుకున్నాయో ఇప్పుడు మీకు తెలుసు.